చీర చుట్టూ ఆ తెల్ల గీత ఎక్కడిది?

గద్వాల్‌లో చీరలు నేసే మా ఫ్రెండ్ వాళ్లింటికి వెబ్‌సైట్ చేసిచ్చాను. ఫొటోల బ్యాక్‌గ్రౌండ్ తీసేసి పెడితే తెల్ల పేజీ మీద సూపర్‌గా ఉన్నాయి. దసరాకి పేజీని మెరూన్‌లోకి మార్చామో లేదో, ప్రతి చీర చుట్టూ సన్నటి తెల్ల గీత! "అంచు దగ్గర దారం లేచిందా అన్నా?" అని ఒకావిడ ఫోన్. గద్వాల్ చీరంటే ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. జనం ముందు చూసేదే ఆ అంచు!

తప్పు నాదే. అంచు పిక్సెళ్లలో చీర రంగుతో పాటు వెనక తెల్లగోడ రంగూ కలిసిపోయి ఉంటుంది. తెల్ల పేజీలో అది దాక్కుంది, అంతే.

జింప్‌లో సెలెక్షన్‌ని ఒక్క పిక్సెల్ లోపలికి కుదించి, బయటిది డిలీట్ చేయండి. కింద నల్ల లేయర్ పెట్టి చూస్తే దొంగ దొరుకుతాడు. పీఎన్‌జీలోనే సేవ్ చేయండి. అందులో ప్రతి పిక్సెల్‌కి 0 నుంచి 255 దాకా ఆల్ఫా విలువ ఉంటుంది, 0 అంటే అసలు కనబడదు. జేపెగ్‌లో ఆల్ఫానే లేదు. అందుకే వాట్సాప్‌లో ఫొటోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి.

కొంగు కుచ్చుల దగ్గర మాత్రం కుదించొద్దు. దారమే ఒకట్రెండు పిక్సెళ్లు, మొత్తం పోతుంది. అక్కడ జూమ్ చేసి చేత్తోనే చెరపాలి. ఒక్క చీరకి నాకు నలభై నిమిషాలు పట్టింది. ఇంకా ఇరవై ఉన్నాయి!