ఆఖరి మూడు రోజులు, ఆ తర్వాతి రెండు నెలలు
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసకుణ్ని కాదు, బడిపంతులును. మా నాన్న సింగరేణిలో కోల్ ఫిల్లర్. కాసిపేట గనిలో దిగి, తట్ట మోసి మమ్మల్ని చదివించారు. నేను బీఎడ్ చేసి టీచర్నయ్యాను. చెల్లెలి భర్తకు గనిలో ఉద్యోగం దొరకలేదు, జిద్దా వెళ్లాడు. మన బొగ్గుబాయి కుటుంబాల్లో ఇది కొత్త కథ కాదు. తండ్రి భూమి కిందికి దిగాడు, కొడుకో అల్లుడో సముద్రం దాటాడు.

వెళ్లడం గురించి అందరం మాట్లాడతాం. తిరిగి రావడం గురించి ఈ రోజు రెండు మాటలు చెప్తాను.

2018 మే నెలలో ఉమ్రాకు వెళ్లాను. మక్కా, మదీనా అయ్యాక మూడు రోజులు జిద్దాలో చెల్లెలి ఇంట్లో ఉన్నాను. అవి ఆ ఇంటికి ఆఖరి మూడు రోజులు. సౌదీ ప్రభుత్వం 2017 జులై నుంచి విదేశీ ఉద్యోగుల కుటుంబసభ్యుల మీద రుసుము పెట్టింది. తలకు నెలకు 100 రియాళ్లు. ఏటా మరో 100 పెరిగి 2020కి 400 అవుతుందని ముందే చెప్పారు. మా చెల్లెలు, ముగ్గురు పిల్లలు కలిసి నలుగురు. మొదటి ఏడాది లెక్క 4,800 రియాళ్లు, రెండో ఏడాది 9,600, నాలుగో ఏడాదికి 19,200. అప్పట్లో ఇఖామా రెన్యూవల్ అప్పుడు ఏడాది డబ్బు ఒకేసారి కట్టాల్సి వచ్చేది. ఆ ఏడాది జనవరిలోనే 5 శాతం వ్యాట్ కూడా వచ్చింది. జీతం మాత్రం పెరగలేదు. అందుకే భార్యాపిల్లలను ఫైనల్ ఎగ్జిట్ మీద పంపించి, తాను నలుగురితో కలిసి బ్యాచిలర్ రూములో ఉండాలని బావ నిర్ణయించుకున్నాడు. ఎగ్జిట్ ముద్ర పడ్డాక 60 రోజుల్లో దేశం వదలాలి.

ఆ ఇంట్లోకి అడుగుపెట్టగానే చప్పుడు మారిందని తెలిసింది. సామాను పోయిన ఇల్లు మాట్లాడితే మోగుతుంది. ఫ్రిజ్‌ను ఒక కేరళ కుటుంబం కొనుక్కుంది. వాషింగ్ మిషన్ బేరం కుదరక పక్కింటి వాళ్లకు ఊరికే ఇచ్చేశారు. చెల్లెలు సూట్‌కేసు తూకం వేస్తుంది, బరువెక్కిందని రెండు చీరలు తీస్తుంది, వాటి చోట అత్తగారి కోసం ఖర్జూరాలు పెడుతుంది. బావ ఏమీ మాట్లాడకుండా అట్టపెట్టెలకు టేపు వేస్తున్నాడు. ఒక చాప, ఒక దిండు, ఒక గిన్నె మాత్రం పక్కకు పెట్టుకున్నాడు. అవి ఆయన కొత్త సంసారం.

పెట్టెల మీద అడ్రసు రాయాలి. ఇంగ్లీషులో రాస్తే కాజీపేట అనుకుని వరంగల్ వైపు పంపిస్తారేమోనని బావకు భయం. "తెలుగులో కూడా రాయించండి భాయ్" అంది చెల్లెలు. ఆరో తరగతికి వచ్చిన మేనల్లుణ్ని పిలిచి మార్కర్ ఇచ్చాను. వాడు నా ముఖం చూశాడు. "మామూ, నాకు తెలుగు రాయడం రాదు" అన్నాడు. ఉర్దూ మాట్లాడతాడు, ఇంగ్లీషు చదువుతాడు, అరబ్బీ చదవగలడు. సొంత ఊరి పేరు రాయలేడు. చెయ్యి పట్టుకుని రాయించాను. 'కాసిపేట'. ఏడు పెట్టెల మీద ఏడుసార్లు రాశాడు. ఏడోసారి నా చెయ్యి అక్కర్లేకపోయింది.

నాకు ఆ పూట సంతోషమే వేసింది. ఇక్కడే నా తప్పు చెప్పుకోవాలి. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని బడిలో చేర్చుకునే మనిషిని. ఆ మూడు రోజుల్లో దుప్పట్లు, చాక్లెట్లు, జంజం నీళ్ల డబ్బాల గురించి మాట్లాడాను గాని, "టీసీ తీసుకున్నారా, మార్కుల కాగితాలు ఉన్నాయా, కాన్సులేట్ ముద్ర వేయించారా" అని ఒక్క మాట అడగలేదు. బావ తీరిక చూసుకుని పంపిస్తాలే అనుకున్నాడు.

విమానాశ్రయంలో చిన్నపిల్ల తండ్రి చొక్కా వదల్లేదు. ఆయన వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించాడు. అంతకు మించి దాని గురించి చెప్పలేను.

జూన్‌లో ఇక్కడ బడులు తెరిచారు. పెద్దపిల్ల ఎనిమిదో తరగతి. ఒక ప్రైవేటు స్కూలు ముద్ర ఉన్న టీసీ లేనిదే చేర్చుకోమంది. ఇంకొకటి తెలుగు రాని పిల్ల వద్దంది. ఆ ఏడాదే మన రాష్ట్రంలో అన్ని బడుల్లో తెలుగు తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. నా బడిలో చేర్చుతానంటే ఇంట్లో పెద్దలు, "సౌదీ నుంచి వచ్చి సర్కారు బడా? నలుగురూ ఏమంటారు?" అన్నారు. ఆ నలుగురి కోసం ఇద్దరు పిల్లలు రెండు నెలలు ఇంట్లో కూర్చున్నారు. చివరికి ఆ పిల్లే, "మామూ, నన్ను రేపు మీతో తీసుకెళ్లండి, ఏ బడి అయినా సరే" అంది. మర్నాడే ఇద్దరినీ తీసుకెళ్లాను.

దాతలు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, టీసీ ఆలస్యమైందని ప్రభుత్వ బడి, ఎయిడెడ్ బడి ప్రవేశం ఆపకూడదు. పుట్టినతేదీ పత్రం లేదని కూడా ఏ బడీ వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్ చెబుతుంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇది హక్కు, ఎవరి దయ కాదు. ఈ మాట తెలియక పిల్లలు ఇంట్లో కూర్చుంటున్నారు.

మనం రంజాన్‌లో రేషన్ కిట్లు ఇస్తున్నాం, పెళ్లిళ్లకు సాయం చేస్తున్నాం. మంచిది. కానీ గల్ఫ్ నుంచి వచ్చిన ఇంటిని మనం సాయం అక్కర్లేని ఇల్లు అనుకుంటాం. వాళ్లు చెయ్యి చాపరు. పెట్టెలు చూసి "ఎంత తెచ్చారు?" అని అడుగుతాం. ఆ పెట్టెల్లో చాలావరకు పాత బట్టలు, పిల్లల పుస్తకాలే ఉంటాయని ఏడు పెట్టెలు విప్పినవాణ్ని కాబట్టి చెప్తున్నాను.

నా విన్నపాలు మూడే. ఒకటి, తిరిగి వచ్చే కుటుంబానికి బయల్దేరక ముందే ఫోన్ చేసి కాగితాల సంగతి గుర్తుచేసే మనిషి ఒకరు మన సంస్థలో ఉండాలి. రెండు, వచ్చిన పిల్లలకు ఆరు నెలలు సాయంత్రం పూట తెలుగు నేర్పే తరగతి పెట్టాలి. చెప్పడానికి నేను వస్తాను, జీతం వద్దు. గది, దీపం, పలకలు మీరివ్వండి. మూడు, మొదటి ఏడాది ఫీజుకు గుట్టుగా సాయం చేసే నిధి ఉండాలి. జకాత్‌లో అప్పులపాలైన వారికీ, దారిలో చిక్కుకున్న బాటసారికీ వాటా ఉందని మీకు నేను చెప్పనక్కర్లేదు. ఎవరు అర్హులో ఉలమాలను అడిగి నిర్ణయించండి.

మేనల్లుడు నిరుడు పదో తరగతి గట్టెక్కాడు. తెలుగులోనే మార్కులు తక్కువ. పెద్దపిల్ల డిగ్రీ చదువుతోంది. బావ ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన వచ్చే రోజుకు కాగితాలన్నీ సరిచూసే పని మాత్రం ఈసారి నేనే పెట్టుకున్నాను.