గురిమైదానమున మర్యాద



తుపాకి గురి నేర్చుకొను మైదానమును రేంజి అందురు. అచ్చట పాటింపవలసిన మర్యాదను గూర్చి నేడు నాలుగు మాటలు మనవి చేసెదను. వరిచేను, బత్తాయితోట చూచుకొను కట్టంగూరు పెద్దలకు తుపాకి మాట యేల యని మీలో కొందరు తలపవచ్చును. కారణము కలదు. హైదరాబాదు విజయవాడల నడిమి రాజమార్గముపై నున్న మన యూరి పిల్లలు చదువులకై పట్టణములకు పోవుచున్నారు. వారిలో ఎన్.సి.సి.లో చేరువారు కలరు. 1948లో ఏర్పడిన ఆ దళము యొక్క శిక్షణలో తుపాకి కాల్చుట యొక భాగము. గురిని ఆటగా నేర్చువారును కలరు. హైదరాబాదునకు చెందిన గగన్ నారంగ్ 2012లో లండన్ ఒలింపిక్సునందు 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో కాంస్యపతకము గెలిచెను. ఆ నగరమునకే చెందిన ఈషా సింగ్ హాంగ్‌ఝౌలో 2023లో జరిగిన ఏషియా క్రీడలందు ఒక స్వర్ణమును, మూడు రజతములను గెలుచుకొనెను. కావున మనుమడో మనుమరాలో కాల్చుచుండగా చూచుటకు మీరును ఒకనాడు రేంజికి పోవచ్చును.

మన యూళ్లలో మర్యాద వయస్సును బట్టి నడచును. పెద్దవాడు వచ్చినచో చిన్నవాడు లేచి నిలుచును. పెద్దవాని మాటకు ఎదురాడడు. రేంజిలో ఈ వరుస మారును. అచ్చట కాల్పులను నడిపించు అధికారి ఇరువది యేండ్ల పిల్ల యైనను, ఆమె మాటయే అందరికిని శిరోధార్యము. సర్పంచి గాని, పిలువబడి వచ్చిన అతిథి గాని, ఆమె యనుమతి లేక తుపాకి ముట్టరాదు, కాల్పుల గీత దాటరాదు. గ్రామమున మర్యాద తప్పినచో మనసు నొచ్చును, తరువాత సర్దుకొనవచ్చును. రేంజిలో మర్యాద తప్పినచో ప్రాణము పోవచ్చును. దానికి సర్దుబాటు లేదు.

మొదటి నియమము: ప్రతి తుపాకిలోను తూటా ఉన్నదనియే భావింపవలెను. కన్నకొడుకే "ఇది ఖాళీది" అని చేతికిచ్చినను, గది తెరచి కంటితో చూచిన పిమ్మటనే పట్టుకొనవలెను. ఇది అపనమ్మకము కాదు. తోడబుట్టినవాడు ఇచ్చిన సొమ్మును గూడ లెక్కించియే పుచ్చుకొందుము గదా. పోటీలలో కాల్చుట ముగించినవారు తుపాకి లోపల మెరయు రంగుగల ప్లాస్టిక్ దారము నొకదానిని దూర్చి ఉంతురు. ఆ దారము కనబడినచో లోపల తూటా లేదని దూరము నుండియే తెలియును.

రెండవది: గొట్టపు మూతి ఎల్లప్పుడును గురిపలక వైపే ఉండవలెను. గురి కుదిరి కాల్చుటకు సిద్ధపడువరకు వ్రేలు మీటపై పెట్టరాదు. ఇందు చూడవచ్చిన వారికిని ఒక విధి కలదు. కాల్చువానిని వెనుక నుండి పేరు పెట్టి పిలువరాదు. పిలిచినచో వాడు చప్పున వెనుదిరుగును. వానితో తుపాకియు తిరుగును. పిల్లవాడు మిమ్ము చూచి లేచి నమస్కరింపకున్నచో తప్పు పట్టకుడు. కదలకుండుటయే అప్పుడు వాడు మీకు చేయు గౌరవము.

మూడవది: "ఆగుడు" అను కేక. అపాయము కనబడినచో చిన్నపిల్లయైనను ఈ కేక వేయవచ్చును. అది వినబడగానే అందరును కాల్చుట మాని, తూటా తీసి, తుపాకి క్రింద పెట్టి వెనుకకు జరుగుదురు. ఎవరైనను గురిపలకల యొద్దకు పోయినప్పుడు వెనుకనున్న వారెవ్వరును తుపాకి ముట్టరాదు, తుడుచుటకైనను ముట్టరాదు.

ఇక మౌనము. ఎయిర్ రైఫిలు పోటీలో పది పాయింట్లు తెచ్చు నడిమి చుక్క వెడల్పు అర మిల్లీమీటరు మాత్రమే. 10 మీటర్ల దూరము నుండి దానిని కొట్టబూనినవాని వెనుక ముచ్చట్లాడుట, ఫోనులో మాట్లాడుట, అడుగకయే సలహా చెప్పుట అమర్యాదలు. గురి తప్పినవానిని చూచి నవ్వుట అన్నిటికన్న హీనము. తూటా కాల్చు తుపాకుల యొద్ద చెవులకును కన్నులకును రక్షణ ధరింపవలెను. గుండ్లలో సీసము ఉండును గనుక, చేతులు కడుగుకొనిన తరువాతనే తినుట మంచిది.

మన ప్రాంతమున రాళ్లగుట్టలు మెండు. గుట్టను అడ్డముగా పెట్టుకొని కాల్చినచో భయమేమని కొందరనుకొందురు. అది పొరపాటు. రాతికి తగిలిన గుండు పక్కకో, వెనుకకో ఎగురును. అందువలననే రేంజిలో చెరువుకట్ట వంటి ఎత్తైన మట్టికట్టను వేయుదురు. మట్టి గుండును మ్రింగును. ఎన్.సి.సి. పిల్లలు కాల్చు పాయింటు 22 రైఫిలు చిన్నదే యైనను, దాని గుండు అడ్డు లేనిచో ఒకటిన్నర కిలోమీటరు వరకు పోగలదు. అంత దూరములో మన పొలములందు ఎందరు పని చేయుచుందురో తలపుడు. కావున ప్రభుత్వానుమతి గల రేంజిలో తప్ప గురి నేర్వరాదు. పెండ్లిలో సంబరమునకు తుపాకి పేల్చి ఇతరుల ప్రాణమునకు అపాయము తెచ్చినచో, 2019లో సవరింపబడిన ఆయుధముల చట్టము ప్రకారము రెండేండ్ల వరకు చెర గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చును.

పెద్దలారా, పిల్లలు మన మాటల కన్న మన నడతను ఎక్కువగా చూతురు. రేంజిలో ఆ చిన్నది "తాతా, గీత దాటవద్దు" అనినప్పుడు, పదిమంది చూచుచుండగా మీరు మారుమాటాడక ఒక యడుగు వెనుకకు వేయుడు. మీ ప్రక్కనున్న మనుమడు ఆ నాటి నుండి ఆ గీతను దాటడు.