మొదలుపెట్టిన థీసిస్ ముగించాలి: పరిశోధన చేసే పిల్లలకు, వారి సంఘాలకు కొన్ని మాటలు



సంఘ కూటంలో పీహెచ్‌డీ సంగతి ఎందుకని కొందరు పెద్దలు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన తాతలు కోలార్ గనుల్లో దిగారు, చెన్నై వీధులు ఊడ్చారు, షోలాపూర్‌లో మగ్గాల దగ్గర, ముంబయిలో కట్టడాల మీద పనిచేశారు. వాళ్ళ మనవలూ మనవరాళ్ళూ ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులుగా చేరుతున్నారు. సీటు వచ్చిన రోజున సంఘంలో కృతజ్ఞత కూడిక పెడతాం, శాలువా కప్పుతాం. అయిదో ఏడు వచ్చేసరికి ఆ బిడ్డ ఎలా ఉన్నాడో అడిగేవారు ఉండరు. గృహ దర్శనాలకు వెళ్ళినప్పుడు మేము చూస్తున్నది ఇదే: గూట్లో సగం రాసిన అధ్యాయాలు, ఇంట్లో అప్పు, 'ఇంకా ఎన్నాళ్ళు?' అనే మాట. అలా ఆగిపోయిన ప్రతి థీసిస్‌తో పాటు మన జనం గురించి మనవాళ్ళే రాయగలిగిన ఒక పుస్తకం ఆగిపోతుంది. అందుకే ఇది సంఘం పని.

గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయంలో చెప్పాడు. ఆ లెక్క ఇప్పుడు మనం చూద్దాం.

యూజీసీ 2022 నియమాల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠంగా 6 ఏళ్ళు. తిరిగి నమోదు చేసుకుంటే మరో 2 ఏళ్ళ వరకు ఇవ్వవచ్చు. స్త్రీలకు, 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి ఇంకో 2 ఏళ్ళ సడలింపు ఉంది. ఇక డబ్బు లెక్క. జేఆర్ఎఫ్ వచ్చినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, తరువాత 42,000. కాని అది మొత్తం 5 ఏళ్ళే. చదువుకు 6 ఏళ్ళు, చేతికి డబ్బు 5 ఏళ్ళు. ఆ మిగిలిన ఏడాదే రాతపని ముగించాల్సిన ఏడాది. జేఆర్ఎఫ్ లేనివారికి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో నెలకు 8,000. చాలా రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అదీ ఉండదు. మన పిల్లల్లో ఎక్కువమంది ఆగేది తెలివి చాలక కాదు, ఈ లెక్క కుదరక.

ఇప్పుడు మెట్లు ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మెట్టు అంశం, గైడ్. 'తెలుగు క్రైస్తవుల చరిత్ర' అనేది అంశం కాదు, అది ఒక అలమార. 2001లో గనులు మూతపడ్డాక కేజీఎఫ్‌లో ఒక కాలనీలోని తెలుగు కుటుంబాలు ఏ పనులకు మళ్ళాయి అన్నది అంశం. ఒక్క ప్రశ్నలో చెప్పలేనిది 6 ఏళ్ళలో ముగియదు. గైడ్‌ను ఎంచుకునేటప్పుడు పేరు కన్నా తీరిక చూడండి. ప్రొఫెసర్ వద్ద 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ వద్ద 6గురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ వద్ద నలుగురు వరకే పీహెచ్‌డీ విద్యార్థులు ఉండాలి. వారి దగ్గర ఇంతకు ముందు చేసినవారిని కలిసి, అధ్యాయం ఇస్తే ఎన్నాళ్ళకు చదివి ఇస్తారో అడగండి.

రెండోది కోర్సు వర్కు, సినాప్సిస్. కోర్సు వర్కు కనీసం 12 క్రెడిట్లు. దాన్ని పరీక్ష గండంగా కాక, పద్ధతి నేర్చుకునే కాలంగా వాడుకోండి. నెహెమ్యా గోడ కట్టకముందు రాత్రివేళ చుట్టూ తిరిగి ఎక్కడెక్కడ కూలిందో చూశాడు. సినాప్సిస్ అంటే అదే. ఎవరు ఏం రాశారు, ఎక్కడ ఖాళీ ఉంది, ఆ ఖాళీని మీరు ఏ ఆధారాలతో నింపుతారు అన్నది అందులో ఉండాలి.

మూడోది ఆధారాల సేకరణ. ఇక్కడ మన ప్రవాసాంధ్ర పిల్లలకు ఒక మేలు ఉంది. 1953 వరకు ఆంధ్ర జిల్లాలు మద్రాసు పాలనలో ఉన్నందువల్ల ఆ కాలపు ప్రభుత్వ కాగితాలు ఎన్నో చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లోనే ఉన్నాయి. బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీలో మిషన్, సంఘ పత్రాల భాండాగారం ఉంది. మన సంఘాల బాప్తిస్మపు రిజిస్టర్లు, పెళ్ళి రిజిస్టర్లు కూడా చరిత్రే. పాస్టర్లుగా మేము చేయగలిగింది ఒకటుంది. వాటిని చెదలకు వదలకుండా, అడిగిన విద్యార్థికి తెరిచి చూపించగలం. ఇక పెద్దల నోటి మాటలు. గనిలో దిగినవారు ఏటా తగ్గిపోతున్నారు. వారి తెలుగులో కన్నడమూ తమిళమూ కలిసి ఉంటాయి. దాన్ని దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, తరువాత ఇంగ్లీషులోకి మార్చండి. రికార్డు చేసేముందు అనుమతి అడగండి. మన అమ్మమ్మ అయినా అడగాల్సిందే.

నాలుగోది రాత. అందరూ ఇక్కడే కూలబడతారు. సేకరణ ముగిశాక రాద్దామనుకుంటే సేకరణ ఎప్పటికీ ముగియదు. రెండో ఏటి నుంచే రాయండి. ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి చెప్పాలని నియమం ఉంది. దానికి చేతులూపుకుంటూ వెళ్ళకుండా ప్రతిసారీ పది పేజీలు తీసుకువెళ్ళండి. పీఠిక, ముగింపు చివర రాయండి. రాసింది మూడు చోట్ల దాచండి.

దాచడం అంటే అంబేడ్కర్ గారు గుర్తుకొస్తారు. బరోడా విద్యార్థి వేతనం గడువు తీరి 1917లో లండన్ చదువు మధ్యలో వదిలి ఆయన తిరిగి రావలసి వచ్చింది. విడిగా వేసిన ఆయన సామాను, పుస్తకాలు ఉన్న ఓడ యుద్ధంలో టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టి, కొల్హాపూర్ షాహూ మహారాజ్ సహాయంతో 1920లో మళ్ళీ లండన్ వెళ్ళారు. రూపాయి సమస్య మీద థీసిస్ 1922 అక్టోబరులో సమర్పిస్తే మార్చి రాయమన్నారు. మార్చి 1923లో మళ్ళీ సమర్పించారు, ఆ ఏడాదే డి.ఎస్సి. వచ్చింది. పుస్తకంగా వచ్చినప్పుడు దానికి ముందుమాట రాసిన ప్రొఫెసర్ ఎడ్విన్ కానన్ ఆయన వాదనలు కొన్నిటితో ఏకీభవించలేదు కూడా. దిద్దమని తిరిగి వచ్చిన థీసిస్ ఓడిపోయిన థీసిస్ కాదని మన పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

అయిదోది సమర్పణ. 2018 యూజీసీ నియమాల ప్రకారం పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే 6 నెలల్లోగా సరిచేసి ఇవ్వాలి. 40 నుంచి 60 శాతం ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతి ఇవ్వనివ్వరు. 60 దాటితే నమోదే రద్దు. ఇది యంత్రానికి భయపడి చేసే పని కాకూడదు. ఇంకొకరి మాట తీసుకున్నప్పుడు వారి పేరు చెప్పడం పొరుగువాని సొత్తుకు ఇచ్చే గౌరవం. పరిశోధన వ్యాసం ప్రచురించాలన్న తప్పనిసరి నిబంధనను 2022లో యూజీసీ తీసేసింది. అయినా మీ విశ్వవిద్యాలయం సొంత నియమం ఏమిటో ముందే కనుక్కోండి.

ఆరోది వైవా. గైడ్‌తో పాటు బయటి పరీక్షకులు కనీసం ఇద్దరు చదవాలి. సమర్పించిన 6 నెలల్లో అంతా ముగించాలని నియమం. ఆలస్యమైతే మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. వైవాలో అన్నిటికీ జవాబు తెలిసి ఉండనక్కర్లేదు. మీ పరిశోధన ఎక్కడి వరకు వెళ్ళిందో, ఎక్కడ ఆగిందో నిజాయితీగా చెప్పగలిగితే చాలు. తరువాత థీసిస్ శోధ్‌గంగలో చేరుతుంది. ఎవరైనా చదవవచ్చు, మన సంఘంవారు కూడా.

మన ఆడబిడ్డల సంగతి విడిగా చెప్పాలి. పెళ్ళితో చదువు ఆగిపోవడం మనకు మామూలైపోయింది. బళ్ళారి అమ్మాయి బరంపురం కోడలవుతుంది, థీసిస్ అక్కడితో సరి. కాని పెళ్ళి వల్లనో మరోలాగో ఊరు మారితే పరిశోధనను కొత్త ఊరి విశ్వవిద్యాలయానికి మార్చుకునే వీలు ఆ నియమాల్లోనే ఉంది. ప్రసూతికి, పిల్లల సంరక్షణకు 240 రోజుల వరకు సెలవు ఉంది. పెళ్ళి మాటలప్పుడు బంగారం గురించి అడిగే పెద్దలు 'మా అమ్మాయి థీసిస్ ముగించనిస్తారా?' అని కూడా అడగాలి. పెళ్ళి జరిపించే పాస్టర్లుగా మేమూ అడుగుతాం.

ఇంకో మాట దాచలేం. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు కారణంగా దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు, మనకు ఇవ్వలేదు. కాబట్టి ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ మన పిల్లలకు అందదు. మైనారిటీలకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా 2022-23 నుంచి కొత్తవారికి ఆపేశారు. ఒక తలుపు మతం పేరుతో మూశారు, రెండోది ఉండీ తీసేశారు. దీని కోసం పోరాడాల్సిందే, అర్జీలు పెట్టాల్సిందే. ఈలోగా మన పిల్లల గడువు మాత్రం ఆగదు.

అందువల్ల సంఘాలను మూడే అడుగుతున్నాం. మొదటిది, ఫెలోషిప్ అయిపోయిన చివరి ఏడాదికి ఒక్క విద్యార్థినైనా ఆదుకునే నిధి. పంట పండుగ కానుకల్లో ఒక వంతు తీసినా చాలు. రెండోది, చోటు. ఒక్క గది ఇళ్ళలో నలుగురి మధ్య థీసిస్ రాయలేరు. సంఘ భవనం వారంలో అయిదు రోజులు ఖాళీగానే ఉంటుంది. ఒక బల్ల, ఒక లైటు, తాళం చెవి ఇద్దాం. మూడోది, విడుదల. బాగా చదివే బిడ్డకే సండే స్కూలు, యువజన కూటం, సభల ఏర్పాట్లు అన్నీ అప్పగిస్తాం. రాసే ఏడాది ఆ బరువు దించుదాం.

విద్యార్థులారా, మీకు ఒక్కటే చెబుతాం. లూకా తాను మొదటి నుంచి అన్నిటినీ విచారించి వరుసగా రాశానన్నాడు. విచారించడం, వరుసగా రాయడం విశ్వాసికి కొత్త పని కాదు. మీ థీసిస్ గొప్పదిగా ఉండనక్కర్లేదు, పూర్తయి ఉండాలి. ఈ వారం మీ గైడ్‌కు ఏ అధ్యాయం ఎప్పుడు ఇస్తారో తేదీ వేసి ఒక కాగితం రాయండి. దాని నకలు మీ పాస్టరుకు ఇవ్వండి. ఆ తేదీ వచ్చినప్పుడు మేము మీ ఇంటికి వచ్చి అడుగుతాం.