అప్పు ఆయనది, సంతకం నాది
(అమెరికాలోని తెలుగు స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు ఎవరు నడుపుతున్నారని అడిగితే మనలో చాలామంది 'నేనే' అంటాం. మీ పేరున ఎంత అప్పుందని అడిగితే మాత్రం 'ఆయన్నడగాలి' అంటాం. ఈ రెండో జవాబు వల్ల ఉద్యోగానికే ముప్పు రావచ్చునని చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ఇక్కడి పౌరసత్వం తీసుకున్న మన స్త్రీలు కొందరు ప్రభుత్వంలోను, రక్షణ పనులు చేసే కంపెనీల్లోను పనిచేస్తున్నారు. రహస్య సమాచారం చూడవలసిన ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్సు కావాలి. 2017లో అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆ అర్హతను 13 అంశాల మీద తూస్తారు. వాటిలో డబ్బు వ్యవహారం ఒకటి. తీర్చని బాకీలు, దాఖలు చేయని పన్ను రిటర్నులు, రాబడికి మించిన ఖర్చు అన్నీ చూస్తారు. అప్పుల్లో మునిగిన మనిషి డబ్బుకు లొంగిపోవచ్చునని ప్రభుత్వం భయం.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. భర్త వ్యాపారం కోసం భార్య కూడా క్రెడిట్ కార్డుల కాగితాల మీద సంతకం పెట్టింది. వ్యాపారం పోయింది. కాపురమూ పోయింది. బాకీలు భర్తే కట్టాలని విడాకుల తీర్పులో రాశారు. ఆమె నిశ్చింతగా ఉంది. కానీ ఆ తీర్పు బ్యాంకును కట్టడి చేయదు. భర్త కట్టకపోతే బ్యాంకు ఆమెనే అడుగుతుంది. ఆ బాకీ ఆమె క్రెడిట్ రిపోర్టులోకి ఎక్కి, క్లియరెన్సు విచారణలో ఎదురొస్తుంది.

అంతటితో దారి మూసుకుపోలేదు. ఉద్యోగం పోవడం, జబ్బు, మరణం, విడాకులు వంటి, మన చేతిలో లేని కారణాలను ఆ నిబంధనలే గుర్తిస్తాయి. ఆ కష్టంలో ఆమె బాధ్యతగా నడుచుకుందా అన్నది అసలు ప్రశ్న. బ్యాంకుకు ఉత్తరం రాసిందా? నెలనెలా కొంతైనా కడుతున్నదా? ఇందుకు నోటిమాట చాలదు, కాగితం చూపాలి. సిగ్గుపడి ఫారంలో అప్పు దాచిపెడితే మాత్రం అప్పుకన్న ఆ అబద్ధమే పెద్ద తప్పవుతుంది.

క్లియరెన్సు ఎవరికీ హక్కు కాదని 1988లో అమెరికా సుప్రీంకోర్టు ఈగన్ కేసులో చెప్పింది. అయినా నిరాకరణకు కారణాలు తెలుసుకుని, జవాబు చెప్పుకుని, పునఃపరిశీలన కోరే అవకాశాన్ని 1995 నాటి అధ్యక్షుని ఉత్తర్వు కల్పించింది. కారణాల నోటీసు వస్తే భయపడి బల్లసొరుగులో పడేయకండి. గడువులోగా జవాబివ్వండి.

పెళ్లయిన స్త్రీ భర్త పూచీ లేకుండా తన పేరున అప్పు పొందే హక్కు ఈ దేశంలో 1974 చట్టంతో గట్టిపడింది. ఆ హక్కు మనదైనప్పుడు లెక్క కూడా మనదే కావాలి. మూడు క్రెడిట్ సంస్థలూ ఏడాదికొకసారి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని చట్టం ఉంది. తెప్పించుకుని చదవండి. విడిపోయేటప్పుడు ఉమ్మడి ఖాతాలు మూయించండి. చదవని కాగితం మీద, అడిగింది ఎవరైనా సరే, సంతకం పెట్టకండి.