సమాచారం కూడా విత్తనమే



విత్తనాన్ని గురించి మన నెల్లూరు సీమ రైతుకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ఏ కయ్యలో వడ్లు విత్తనానికి పనికివస్తాయో కోతకు ముందే చూచి పెట్టుకుంటాడు. బెరుకులు ఏరివేస్తాడు. నూర్చినాక బాగా ఎండబెట్టి, చెమ్మ తగలకుండా, పురుగు చేరకుండా దాస్తాడు. తనకు సరిపోగా మిగిలింది పక్కరైతుకు ఇస్తాడు. ఈవేళ నేను చెప్పబోయేది కూడా ఒక రకం విత్తనాన్ని గురించే. దాని పేరు సమాచారం. దీన్ని కూడా ఏరాలి, దాచాలి, పంచాలి. అట్లా చేయకపోతే ఇదీ చెడిపోతుంది.

సమాచార వ్యవస్థ, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సమాచారం అనే మాటలు ఈమధ్య తరచు వినబడుతున్నవి. పేర్లు విని బెదరవద్దు. సమాచారం ఎక్కడ పుడుతుంది, ఎవరు రాస్తారు, ఎక్కడ దాస్తారు, కావలసినవారికి ఏ దారిన చేరుతుంది అనేదంతా కలిపి సమాచార వ్యవస్థ. సోమశిలలో నీరు నిండినంత మాత్రాన ఆఖరు ఆయకట్టు తడవదు గదా! కాలువ బాగుండాలి, తూము తెరవాలి, పంట బోదె పూడకుండా వుండాలి. సమాచారం సంగతీ అంతే.

మన రిజర్వాయరు చిన్నదేమీ కాదు. నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం 1937లో ఏర్పడింది. అప్పటినుంచి ఇక్కడ వరి మీద పరిశోధన జరుగుతున్నది. అగ్గితెగులును తట్టుకునే ఎన్.ఎల్.ఆర్. 34449, అనగా మనం నెల్లూరు మసూరి అని పిలిచే రకం, అక్కడినుంచి వచ్చినదే. ఇక విశ్వవిద్యాలయాల్లో విద్యార్థులు రాసిన పరిశోధన గ్రంథాలు వున్నవి. వాటిని 'కృషికోశ్' అనే పేరుతో భారత వ్యవసాయ పరిశోధన మండలి కంప్యూటరులో భద్రపరుస్తున్నది. ప్రజల డబ్బుతో జరిగిన పరిశోధన ప్రజలకు అందుబాటులో వుండాలని ఆ మండలి 2013లో ఒక విధానం కూడా ప్రకటించింది.

రిజర్వాయరు నిండింది, బాగానే వున్నది. మరి కాలువ చివర నీరు పారుతున్నదా? ఇక్కడ రెండు అడ్డంకులు కనిపిస్తున్నవి. ఒకటి, ఆ రాత చాలా భాగం ఇంగ్లీషులో వున్నది. రెండోది, తెలుగులో వున్నదానికి కూడా ఊరికొక పేరు. ఒకచోట సుడిదోమ అంటారు, మరొకచోట దోమపోటు అంటారు. పురుగు ఒకటే. మీరు దోమపోటు అని ఫోనులో వెతికితే, సుడిదోమ అని రాసిన మంచి సలహా మీకు కనబడకపోవచ్చు. కొలతల సంగతీ ఇంతే. మనకు పుట్టి వడ్లంటే 850 కిలోలు. ఇతర జిల్లాల రైతు బస్తాల్లో లెక్క చెబుతాడు. శాస్త్రజ్ఞుడు హెక్టారుకు ఇన్ని టన్నులు అంటాడు. ముగ్గురూ నిజమే చెబుతారు గాని ఒకరి మాట ఒకరికి అందదు.

ఈ చిక్కును ప్రపంచమంతటా ఎదుర్కొన్నారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1980లలో 'ఆగ్రోవాక్' అనే వ్యవసాయ పదకోశాన్ని మొదలుపెట్టింది. అందులో ఒక్కొక్క విషయానికి ఒక్కొక్క గుర్తు. ఆ గుర్తు కింద వేర్వేరు భాషల్లో దాని పేర్లు. తెలుగుకు కూడా అందులో చోటు వున్నది. ఏ పేరుతో వెతికినా ఒక్క చోటికే చేరాలన్నది దాని ఉద్దేశం. అయితే మన కయ్యల్లో, రొయ్యల గుంటల దగ్గర పలికే మాటలు అందులో చేరాలంటే ఎవరో ఒకరు రాసి ఇవ్వాలి. ఆ పనికి విస్తరణ కార్యకర్తకంటే తగినవారు ఎవరున్నారు?

పరిశోధన ఎప్పుడూ పైనుంచి కిందికే పారాలని లేదు. 2004 ఖరీఫ్‌లో హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థవారు 'ఈ-సాగు' అనే ప్రయోగం చేశారు. అప్పటి వరంగల్ జిల్లాలో మూడు గ్రామాల్లో 1051 పత్తి చేలు తీసుకున్నారు. ఊళ్లోనే వుండే చదువుకున్న కార్యకర్తలు వారం, రెండు వారాలకొకసారి చేనికి వెళ్లి ఫోటోలు తీసేవారు. అప్పట్లో పల్లెల్లో ఇంటర్నెట్టు వేగం చాలదు గనుక, ఆ ఫోటోలను సి.డి.ల మీద వేసి హైదరాబాదు పంపేవారు. అక్కడి నిపుణులు చేలను ఫోటోల్లో చూచి, ఏ చేనికి ఆ చేనికే సలహా రాసి ఇంటర్నెట్టు మీద పంపేవారు. రైతు అడగకముందే సలహా వచ్చేది. ఇందులో గొప్ప యంత్రమేదీ లేదు. తేదీతో ఒక ఫోటో, చేని చరిత్ర, చదివి జవాబు రాసే మనిషి. ఈనాడు ఆ సి.డి.తో పనిలేదు. మీ చొక్కా జేబులోని ఫోనే చాలు.

ఇప్పుడు ఓపెన్ సోర్స్ సంగతి చూద్దాం. కంప్యూటరును గాని, ఫోనును గాని నడిపే సూచనల వరుసను సాఫ్ట్‌వేర్ అంటారు. ఇందులో రెండు రకాలు. ఒకటి సంకర విత్తనం వంటిది. పని బాగా చేస్తుంది, కాని తిరిగి విత్తుకోవడానికి లేదు, ఏటేటా కొనుక్కోవాలి. రెండోది మనం దాచుకునే సూటి రకం వంటిది. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, లోపల ఎట్లా వున్నదో చూడవచ్చు, తమ అవసరానికి మార్చుకోవచ్చు, మరొకరికి ఇవ్వవచ్చు. దీన్నే ఓపెన్ సోర్స్ అంటున్నారు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ దారి మొదలుపెట్టాడు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ రాసి అందరికీ ఇచ్చాడు. ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది ఆ లినక్సే. అంటే, పేరు తెలియకుండానే మనలో చాలామంది దాన్ని వాడుతున్నాం.

వ్యవసాయంలో కూడా ఇది అక్కరకు వచ్చింది. కాన్పూరు ఐ.ఐ.టి., పటాన్‌చెరువులోని ఇక్రిశాట్, మరికొన్ని సంస్థలు కలిసి 2009లో 'అగ్రోపీడియా' అనే వ్యవసాయ విజ్ఞాన భాండాగారాన్ని ప్రారంభించినప్పుడు దాన్ని ద్రూపల్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదనే కట్టారు. ఇందాక చెప్పిన కృషికోశ్ కూడా డీ-స్పేస్ అనే అటువంటి దాని మీదనే నడుస్తున్నది. దాని మొదటి ప్రతిని 2002లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం, ఒక కంపెనీ కలిసి తయారుచేసి లోకానికి ఇచ్చాయి. అది మన పరిశోధన గ్రంథాలను మోస్తున్నది.

సంకర విత్తనం చెడ్డదని నేను అనడం లేదు. అదే విధంగా కంపెనీ యాప్‌లు వాడవద్దనీ అనడం లేదు. కాని ఒక్క సంగతి ఆలోచించండి. మన తీరంలో రొయ్యల రైతు రోజూ ఉప్పుదనం, పి.హెచ్., మేత, రొయ్య బరువు ఎక్కిస్తుంటాడు. మూడు పంటల లెక్క ఒకచోట చేరితే అది మందుకంటే విలువైనది. ఏ నెలలో, ఏ నీటిలో, ఎన్ని పిల్లలు వేస్తే నష్టం వచ్చిందో అదే చెబుతుంది. ఆ లెక్క ఒక యాప్‌లో మాత్రమే వుండి, ఆ యాప్ మూతపడితే, లేదా మీరు మేత మార్చినందున తలుపు మూసుకుంటే, మూడేళ్ల అనుభవం ఏమవుతుంది? విత్తనాల గాదె తాళంచెవి ఇంకొకరి మొలలో వున్నట్టే. కాబట్టి యాప్ ఎక్కించుకునే ముందే అడగండి: నా లెక్కను మామూలు పట్టికగా బయటికి తీసుకోవచ్చునా? లేదంటే వాడుకోండి గాని, పక్కన నోటుపుస్తకం మాత్రం మానవద్దు.

ఇక ఫోనుకు వచ్చే సలహాల మాట. వాటిలో బెరుకులు ఏరాలి. మూడు ప్రశ్నలు వేయండి.

మొదటిది, ఎవరు చెప్పారు? పేరు, సంస్థ లేని సలహాను పొలంలో పెట్టవద్దు.

రెండోది, ఎప్పుడు చెప్పారు? ఫోరేట్ గుళికలు వరికి వేయమని పాత పుస్తకాల్లో వుండేది. 2018లో ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి ఫోరేట్ నిషేధమైంది. ఆ పాత సలహా తేదీ లేకుండా తిరుగుతుంటే, దాన్ని నమ్మిన చేతికీ, ఆ పక్క నీళ్లు తాగే పశువుకూ ప్రమాదమే. వనామి రొయ్య పూర్తిస్థాయి సాగుకు 2009లో గాని అనుమతి రాలేదు. అంతకు ముందు టైగరు రొయ్యకు చెప్పిన లెక్కలు దీనికి అతకవు. మన మత్స్యకార సోదరులకు ఇది బాగా తెలుసు. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదు నుంచి చేపలు దొరకగల చోట్లు తెలుపుతుంది. నిన్నటి చోటు పట్టుకుని నాలుగు రోజుల తరువాత బోటు తీస్తే డీజిలు ఖర్చే మిగులుతుంది.

మూడోది, ఏ ఊరికి చెప్పారు? గోదావరి డెల్టాలో జూన్, జూలైలో నార్లు పోస్తారు. మన పెద్ద పంటకు ఈశాన్య వానలు ఆధారం, అక్టోబరు దాకా ఆగాలి. 'ఇప్పుడు నారు పోయండి' అన్న మాట అక్కడ నిజం, ఇక్కడ నష్టం. మైపాడు దరి చౌటినేలకు, కోవూరు వైపు మాగాణికి కూడా ఒకే సలహా పనికిరాదు.

అనుమానం వస్తే రైతు సేవా కేంద్రంలో అడగండి. 2004 నుంచి పనిచేస్తున్న కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరు మీద ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడవచ్చు.

విస్తరణ కార్యకర్తలకు రెండు మాటలు. మనం సలహాను బొమ్మగా తయారుచేసి పంపుతున్నాం. చూడడానికి ముచ్చటగానే వుంటుంది. కాని మరుసటి ఏడు రైతు వెతికితే ఆ బొమ్మలోని అక్షరాలు అతనికి దొరకడం కష్టం. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు వచ్చింది. ఆ అక్షరాల్లో రాసిన సలహా ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది, చదువురానివారికి ఫోను చదివి వినిపించగలదు కూడా. బొమ్మ పంపినా, కింద అదే సలహాను అక్షరాల్లో రాయండి. పైన మీ పేరు, తేదీ, మండలం వేయండి. పురుగుకు మన ఊరి పేరు, పుస్తకంలోని పేరు రెండూ వేయండి.

పొలాల వివరాలు సేకరించడానికి ఓ.డి.కె. అనే ఓపెన్ సోర్స్ సాధనం వున్నది. ప్రశ్నలు తెలుగులోనే పెట్టుకోవచ్చు. సిగ్నలు అందని చోట కూడా ఫోనులో నింపుకుని, ఊళ్లోకి వచ్చాక పంపవచ్చు. అయితే పంచవలసినదేదో, దాచవలసినదేదో వివేకం వుండాలి. తెగులు కనబడిన సంగతి పదిమందికీ చెప్పాలి. రైతు అప్పు, ఆధారు నంబరు, బ్యాంకు పుస్తకం పదిమందిలో పెట్టకూడదు.

రైతు సోదరులారా! ఈ వారంలోనే ఒక పని మొదలుపెట్టండి. నోటుపుస్తకంలో ఆరు గళ్లు గీయండి: తేదీ, కయ్య లేక గుంట పేరు, ఏమి చూచాను, ఏమి వేశాను, ఎంత ఖర్చయింది, ఫలితమేమి. అగ్గితెగులు నూలుకండె ఆకారపు మచ్చ మొదట ఏ కయ్యలో, ఏ రోజున, ఎంత యూరియా వేసిన తరువాత కనబడిందో రాయండి. పక్కనే ఒక ఫోటో తీయండి. ఒక్క రైతు రాస్తే అది ఒక కుటుంబానికి మేలు. ఊళ్లో ఇరవైమంది రాస్తే, తెగులు ఏ మూలనుంచి ఏ మూలకు నడిచిందో తెలుస్తుంది. అటువంటి లెక్కతో పరిశోధన స్థానానికి వెళ్లినప్పుడు మీరు సలహా అడగడమే కాదు, శాస్త్రజ్ఞునికి పని కూడా ఇచ్చినవారవుతారు.

విత్తనాన్ని గాదెలో మరిచిపోతే మొలక చచ్చిపోతుంది. సమాచారాన్ని కూడా రాసి, తేదీ వేసి, తెలుగులో, అందరూ తెరువగలిగే తీరులో నలుగురికీ అందించండి. సెలవు.