జేజి సేరు
(సంఘం ఉగాది సభలో చేసిన ప్రసంగపాఠం)



ఉగాదినాడు క్రిస్మసు కేకు మాటెందుకని మీలో కొందరికి తోచవచ్చు. మా కేకు మాకు దక్కింది ఉగాదినాడే. అందుచేత కార్యదర్శిగారు అడగగానే కాదనలేకపోయాము.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళం. పుట్టి పెరిగింది చిక్కబళ్ళాపురంలో, నంది కొండ నీడన. ఇప్పుడు మెల్బోర్నులో వుంటున్నాము. మా జేజిది కడప జిల్లా, జమ్మలమడుగు. అక్కడి లండను మిషను ఆసుపత్రిలో పని నేర్చి, 1938 ప్రాంతంలో మైసూరు సీమలోని చిక్కబళ్ళాపురం మిషను ఆసుపత్రికి వచ్చింది. అంటే మా యింట్లో వలస మాతో మొదలు కాలేదు. అయితే జేజికి భాష మారలేదు. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో బజారులోనూ పొలంలోనూ యింట్లోనూ తెలుగే వినిపిస్తుంది. బడిలో మాత్రం కన్నడం. కైవారం తాతయ్యగారు తెలుగులో తత్త్వాలు చెప్పిన సీమ అది. జేజి తెలుగు లిపిలో వ్రాసేది. మా అమ్మ కన్నడ బడిలో చదివింది గనుక తెలుగు మాటలనే కన్నడ లిపిలో వ్రాసేది. మా యింటి వంట పుస్తకంలో ముందు పుటలు జేజివి, వెనుక పుటలు అమ్మవి.

ఆ పుస్తకంలో మొదటి పుటలోనే వున్నది "శొంఠి కేకు". దొరసానులు దానిని జింజర్ బ్రెడ్ అనేవారట. జమ్మలమడుగు ఆసుపత్రిలో ఒక నర్సమ్మ దగ్గర జేజి నేర్చుకున్నది. ఆ దేశాలలో దీనికి పెద్ద చరిత్రే వున్నది. జర్మనీలోని నూరెంబర్గు పట్టణం యీ జాతి రొట్టెలకు కొన్ని వందల యేండ్లుగా పేరుపడింది. కాని అందులో పడే అల్లమూ, లవంగమూ, చెక్కా తూర్పు దేశాలనుంచి ఓడలెక్కి పోయినవే. మన దేశంలోనే 1883లో, మలబారు తీరాన తలశ్శేరిలో, మాంబల్లి బాపుగారు ఒక దొర తెచ్చిన నమూనా చూసి క్రిస్మసు కేకు కాల్చారని ప్రసిద్ధి. నమూనా పరాయిది, చెయ్యి మనది. జేజి చేసినదీ అదే. పచ్చి అల్లం కాక శొంఠి పట్టింది. అల్లం యెండేటప్పుడు దానిలోని జింజెరాల్ కొంత షోగాల్ అనే మరింత ఘాటైన ద్రవ్యంగా మారుతుందని రసాయన శాస్త్రం చెబుతుంది. బాలింతలకు శొంఠి పెట్టే మన పెద్దలకు ఆ సంగతి నాలుకే చెప్పి వుంటుంది. దొరసానులు వాడే మొలాసిస్ పాకానికి బదులు జేజి చింతామణి సంతలో నల్లబెల్లం కొనేది.

డిసెంబరులో మా వూళ్ళో మంచు తెల్లవారి యెనిమిదింటిదాకా తొలగదు. ఆ చలిలో తాత రోట్లో శొంఠి దంచేవాడు. తుమ్ములతో యిల్లంతా అదిరిపోయేది. బెల్లాన్ని కొద్ది నీళ్ళలో కరగబెట్టి, గుడ్డలో వడగట్టి, యిసుకా పిప్పీ తీసివేసి చల్లార్చాలి. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడి వుంటే చాలు, అంతకు మించితే గుడ్లు ఉడికిపోతాయి. ఆ వేలు పెట్టే అధికారం కోసం మేమిద్దరం పోట్లాడుకునేవాళ్ళం. పొయ్యి అంటే బొగ్గుల కుంపటి. దానిమీద దళసరి ఇత్తడి బోగుణి, అడుగున యిసుక, యిసుకపైన వెన్న రాసిన బిస్కెట్ల డబ్బా; మూతమీద మళ్ళీ నిప్పులు. పైనా కిందా నిప్పులు సమంగా వుంచడమే అసలు విద్య. అది అమ్మకు తెలిసినంతగా మాకు తెలియలేదు.

ముందుగా ఒక చిన్న డబ్బా విడిగా కాలేది. అది పక్కింటి పెద్దమ్మకు. ఆమె బాగేపల్లి ఆడపడుచు. గుడ్డు ముట్టదు. ఆమె కోసం గుడ్డుకు బదులు గట్టి పెరుగు వేసేవారు. బెల్లంలోని, పెరుగులోని పులుపుకు వంటసోడా పొంగి కేకును లేపుతుంది. ఆ డబ్బాకు గరిటె వేరు, గిన్నె వేరు. ఆ విషయంలో జేజి మమ్మల్ని నమ్మేది కాదు, తానే కడుక్కునేది. ఆ పళ్ళెం పెద్దమ్మగారింటినుంచి ఖాళీగా తిరిగి రాదు. ఉగాదినాడు ఒబ్బట్లతో వచ్చేది. తమరు బొబ్బట్లంటారే, అవి.

అమ్మ 2019లో పోయింది. మేము యిల్లు ఖాళీ చేయడానికి వెళ్ళి పది రోజులే వున్నాము. టిక్కెట్లు ముందే కొన్నవి కదా. పుస్తకం తెచ్చుకున్నాము. పాత్రలు, ఇనుప తూకపురాళ్ళు, అమ్మ పిండి కొలిచే ఇత్తడి లోటాతో సహా, పాత సామాను కొనేవానికి కిలోల లెక్కన యిచ్చివేశాము. మేమే యిచ్చాము, మరెవరినీ అనడానికి లేదు.

మూడేండ్లు కేకు లేదు. 2022 క్రిస్మసుకు పిల్లలు పట్టుబట్టారు. పుస్తకం తెరిచాము. "మైదా సేరు, బెల్లం సేరు, వెన్న అర సేరు, గుడ్లు మూడు, శొంఠి తులం, సోడా చిన్న చెంచా, పాలు అర గ్లాసు." సేరంటే 80 తులాలు, సుమారు 933 గ్రాములని వెతికి తెలుసుకున్నాము. అంత పిండి చూసినప్పుడే అనుమానం రావలసింది. జేజి కాలంలో పెద్ద సంసారం కదా అని సరిపెట్టుకున్నాము. గరిటె తిరగలేదు. పాలు పోస్తూ పోయాము. మెల్బోర్నులో అది నడి వేసవి. కరెంటు ఓవెనుతో యిల్లు కొలిమి అయింది. చివరకు దిగినది యిటుకరాయి. ఘాటు లేదు, వాసన లేదు. చిన్నవాడు కొరికి, "అమ్మమ్మ కేకు యిదేనా?" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అమ్మతో పాటు అదీ పోయిందనే అనుకున్నాము.

2023 మార్చి 22న ఉగాది. పండుగ శుభం చెప్పడానికి పెద్దమ్మకు ఫోను చేశాము. ఆమెకు యెనభై దాటాయి, చెవి సరిగా వినబడదు. ఒబ్బట్ల పళ్ళెం యెవరికి పంపాలని నవ్వింది. ఆ మాటతో మా కేకు కథ అంతా చెప్పేశాము. విని, "సేరంటే యెంత వేసినారమ్మా?" అని అడిగింది. చెప్పాము.

"అయ్యో, అది పక్కా సేరు కదా! మీ జేజి లెక్క కచ్చా సేరు. వీశెకు అయిదు. శొంఠి మాత్రం తులమే వేస్తే యింక ఘాటు యెక్కడ తగులుతుంది?"

ఫోను పెట్టేసి లెక్క వేశాము. వీశె 120 తులాలు. అందులో అయిదో వంతు 24 తులాలు, అంటే సుమారు 280 గ్రాములు. మద్రాసు రాజధానిలో నడిచిన సేరు అదే. జేజి జమ్మలమడుగునుంచి మాటతో పాటు తూకం కూడా తెచ్చుకున్నది. 1956 చట్టంతో దేశమంతా కిలోలు వచ్చినా, ఆమె పుస్తకంలో తన సేరు మార్చలేదు. అమ్మకు చేతిలో లోటా వుండగా పుస్తకం చూసే పని పడలేదు. ఆ సేరు యెంతో తెలిసిన మనిషి, గుడ్డు పడిన ఆ కేకు యేనాడూ నోట పెట్టని పెద్దమ్మ ఒక్కతే మిగిలింది.

ఆ ఆదివారమే చేశాము. 280 గ్రాముల మైదా, అంతే బెల్లం, 140 గ్రాముల వెన్న, తులం, అనగా పదకొండున్నర గ్రాములకు పైచిలుకు, శొంఠిపొడి. ఆరు లవంగాలు, పావు జాజికాయ, చిటికెన వేలంత చెక్క. ఓవెను 170 డిగ్రీల దగ్గర ముప్పావు గంట. మధ్యలో పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. ఆ పూటే కోయకండి. రెండు రోజులు మూతపెట్టి వుంచితే బెల్లం తేమ పట్టి మెత్తబడుతుంది, శొంఠి లోపలికి దిగుతుంది. మా యింట్లో రెండు రోజులు ఆగలేదు, అది వేరే సంగతి.

2024 జనవరిలో చిక్కబళ్ళాపురం వెళ్ళినప్పుడు, వంటకు దిగిన బంధువుల యింట్లో పెరుగుతో ఒక చిన్న డబ్బా కాల్చి పెద్దమ్మకు తీసుకుపోయాము. గిన్నె వేరేనా అని అడిగింది. వేరే అన్నాము. అప్పుడు తిన్నది. "చెక్క యెక్కువైంది" అన్నది. లోపలికి పోయి స్టీలు పళ్ళెం తెచ్చి, "యిది మీ అమ్మది, చివరి క్రిస్మసుకు వచ్చింది, వుత్తది యెట్లా పంపేది?" అని దానిలో బియ్యమూ బెల్లపు అచ్చూ పెట్టి మా చేతికిచ్చింది.

యీవేళ రెండు డబ్బాలు తెచ్చాము. పచ్చడి తిన్న తర్వాత అందరూ తీసుకోవలసిందిగా మనవి. తెల్లకాగితం చుట్టిన డబ్బాలోది గుడ్డు లేనిది. దానికి గిన్నె వేరే.