ఎర్రనీటిలో చీకటి

తీరసముద్రాల్లో వృక్షప్లవకాల పెరుగుదలకు పగ్గం వేసేది ఏది అని అడిగితే మన సభల్లో ముందుగా వినిపించే జవాబు నత్రజని. 1971లో రైథర్, డన్‌స్టన్ న్యూయార్క్ పరిసర జలాల్ని పరీక్షించి చెప్పిన మాట అది. అక్కడి తీర్పును గోదావరి మొగకు ఉన్నదున్నట్టు అంటగట్టడం దగ్గరే నా పేచీ. మనం కూర్చున్న ఈ కోరుకొండకు దగ్గరలోనే ఉన్న ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తిన రోజుల్ని తలుచుకోండి. దిగువకు పోయే ఎర్రనీటిలో నైట్రేట్ ఉంది, ఫాస్ఫేట్ ఉంది, దక్కను నల్లరాళ్లు అరిగి కరిగిన సిలికేట్ ఉంది. అయినా ప్లవకాలు పుంజుకోవు. విశాఖలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం నుంచి వి.వి.ఎస్.ఎస్. శర్మ బృందం చేసిన పరిశీలనల్లో కనిపించేదీ ఇదే: వరద ఉద్ధృతిలో అణగి ఉన్న ప్లవకాలు ఒరవడి తగ్గి నీరు తేరుకున్నాక విజృంభిస్తాయి. పోషకాలు ముందునుంచీ ఉన్నవే. కొత్తగా దక్కినవి వెలుగూ, నిలకడా.

ఎండలు మండే దేశంలో వెలుగుకు కరువేమిటని పెద్దలే అడుగుతారు. నీటిమీద ఎంత ఎండ కాస్తోందని కొలిస్తే ఆ మాట నిజమే. ప్లవకానికి కావలసింది నీటిలోకి దిగిన వెలుగు. ఒండ్రునీటిలో ఆ కణం సుడితోపాటు కిందికీ పైకీ తిరుగుతూ, పైనున్న కాసేపట్లో కూడబెట్టింది చీకట్లో శ్వాసకే ఖర్చు పెట్టేస్తుంది. 1953లో స్వెర్‌డ్రప్ చలిసముద్రానికి వేసిన ఈ లెక్క మన శ్రావణ భాద్రపదాలకూ వర్తిస్తుంది. చీకటి కాదు, ఒరవడే కణాల్ని విభజన చెందనీయకుండా ఈడ్చుకుపోతోందన్నది ఇంతకన్నా గట్టి ఆక్షేపణ. దాన్ని నేను తోసిపుచ్చను. అదే నీటిని సీసాల్లో పట్టి, కొన్నింటిని తేరనిచ్చి, కొన్నింటిలో మట్టి తేలుతూనే ఉండేట్టు తిప్పుతూ ఎండలో ఉంచితే ఎవరి వాటా ఎంతో తేలుతుంది. ఏది తేలినా, ఆ నెలల్లో దోషి నత్రజని కాదు.

మొగ దాటాక మాత్రం నైట్రేట్ నిజంగానే అడుగంటుతుంది. ఎందుకు అడుగంటుతుందో అడగకుండా ఆగిపోవడం శాస్త్రం కాదు. నదులు తెచ్చిన మంచినీరు ఉప్పునీటిమీద మూతలా పరుచుకుంటుంది. బంగాళాఖాతపు గాలి దాన్ని ఛేదించలేదు. కింద ఉన్న నైట్రేట్ కిందే ఉంటుంది. నైరుతి రుతువులో ప్లవకాల ఉత్పత్తిలో అరేబియా సముద్రంకంటే మన సముద్రం ఎందుకు వెనకబడిందో 2002లో ప్రసన్నకుమార్ బృందం వివరించింది ఇలాగే. నత్రజని కొరత ఇక్కడ లక్షణం; మూత రోగం. ఒక్క రుతువులో ఓడెక్కి, నత్రజని-ఫాస్ఫరస్ నిష్పత్తి ప్లవకాలకు సగటున కావలసిన 16కంటే తగ్గిందని రాసి తీర్పు చెప్పే వ్యాసాలు ఈ తేడాను కప్పిపుచ్చుతున్నాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లాఫాండ్, గణపతి వంటివారు 1950లలోనే మన తీరజలాల్ని పట్టించుకున్నారు. ఆ ఓపిక మళ్లీ కావాలి. ఒకే చోట, ఏడాది పొడవునా, పోషకాలతోపాటు ప్రతిసారీ వెలుగునూ కొలిచే పని మనకు కావాలి. తాడుకు కట్టి నీటిలోకి దింపే తెల్లటి సెక్కి పళ్లెంతోనైనా మొదలుపెట్టవచ్చు. ఎగువన పోలవరం జలాశయం నిండితే ఒండ్రు అక్కడే ఆగవచ్చు, వెలుగూ సిలికేటూ రెండూ మారవచ్చు. ముందటి లెక్క లేకపోతే ఆ మార్పును దేనితో తూస్తాం? ఎర్రనీరు వచ్చే ప్రతి ఏడూ మనం కొలవకుండా వదిలేసిన లెక్క ఒకటి సముద్రంలో కలిసిపోతోంది.